బోణీకి వచ్చినవాళ్లు

మా వాళ్లు మనుషులు కారని తేల్చారు. తేల్చింది ఏ ఊరివాడో, ఏ దేశంవాడో, అసలు వాడు మనిషో యంత్రమో ఈ రోజుకీ నాకు తెలియదు. నా మనవరాలు, ఆమె భర్త కలిసి తయారుచేసిన ఫోను ఆటకు రేటింగులు ఇచ్చినవాళ్లలో మా బావ ఉన్నాడు. మా వియ్యపురాలు ఉంది. ఆమెతో పాటు రైసుమిల్లులో పనిచేసే ఆడవాళ్లున్నారు. నేనున్నాను. "ఈ రేటింగులు నిజమైన వినియోగదారులవి కావు" అని ఒక్క వాక్యం రాసి, ఆటను ఫోను ఆటలు దొరికే స్టోరులోంచి తీసేశారు, పిల్లల ఖాతా మూసేశారు. ఇక మీదట వాళ్లిద్దరూ ఆ స్టోరులో ఏ ఆటా పెట్టడానికి వీల్లేదట. ఏ ఆటా అంటే, బతికినంత కాలం ఏ ఆటా.

నాకు కోపం తొందరగా వస్తుందని ఇంట్లో అంటారు. తొందరగా వస్తుందో లేదో గానీ, వచ్చినది తొందరగా పోదు. సూర్యాపేట పాత బస్టాండు దగ్గర నాకు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. రేడియోలు పోయి టేపురికార్డర్లు వచ్చాయి, అవి పోయి టీవీలు వచ్చాయి, చివరికి ఏ వస్తువునైనా బాగుచేయించుకునే అలవాటే పోయింది. నేను బడి ముఖం చూడలేదు. తెలుగు అక్షరాలు బస్సు బోర్డుల మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు అక్షరాలు రేడియోల వెనక అట్టల మీద. కుర్రతనంలో ఒకసారి గ్రంథాలయానికి పోయి పుస్తకం అడిగితే అక్కడి గుమాస్తా నన్ను కిందికీ మీదికీ చూసి, "నీకు సదువొస్తదని గ్యారంటీ ఏంది? సర్టిఫికెట్ తే" అన్నాడు. లేదన్నాను. అయితే గోడ మీది నోటీసు చదవమన్నాడు. కూర్చున్నవాళ్లంతా పేపర్లు దించి చూస్తుంటే, "నిశ్శబ్దము పాటించవలెను" అన్న దగ్గర్నుంచి కింద అధికారి సంతకం దాకా గొంతెత్తి చదివాను. "సరేలే, మెల్లగ సదువు, గీడ అరవొద్దు" అని పుస్తకం ఇచ్చాడు. ఆ మనిషి పోయి చాలా ఏళ్లయింది. నేను మాత్రం అతన్ని ఇంకా వదల్లేదు.

ఇంతకీ ఆట సంగతి.

మనవరాలు నా కొడుకు బిడ్డ. ఆమె భర్తను ఇంటిల్లిపాదీ అల్లుడనే అంటాం కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఇద్దరూ హైదరాబాదులో ఎవరివో ఆటలకు తలా ఒక ముక్క తయారుచేసే ఉద్యోగాలు చేసేవాళ్లు. ఒకరోజు అవి మానేసి, అల్లుడు చదువుకున్న కోదాడలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. కింద పురుగుమందుల దుకాణం, పైన వీళ్లు. మెట్లెక్కుతుంటేనే ముక్కు మండేది. నేను వారానికోసారి సూర్యాపేటలో బస్సెక్కి పోయి ఆ గదిలో కూర్చునేవాణ్ని. కొత్తగా చేసినదేదైనా ముందు నా చేతిలో పెట్టేవాళ్లు. నాకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుందని అల్లుడి ధీమా. అది మెప్పో వెక్కిరింతో నేను అడగలేదు.

మొదటి ఆట, మిల్లు ఆవరణలో ధాన్యం లారీని వెనక్కి నడిపి సరుకు దించే అరుగుకు సరిగ్గా ఆనించడం. చుట్టాలు తప్ప ఎవరూ ఆడలేదు; వాళ్లలోనూ లారీ నడిపేవాళ్లు ఇది లారీ కానేకాదని తిట్టారు. రెండో ఆట, కల్లంలో ఎండబెట్టిన మిరపకాయలు వాన పడేలోపు ఎత్తుకోవడం. అది ఎందుకో జనానికి పట్టింది. ఎక్కడెక్కడివాళ్లో ఆడారు. మనవరాలు ఫోను చేసి, "తాతా, మనకు తెల్వనోళ్లు ఆడుతున్నరే!" అని కేక పెట్టింది. ఆ సంబరం మీదనే ఇంకా అందంగా చేద్దామని ఒక మార్పు చేసి వదిలారు. ఆ మార్పుతో పాత ఫోన్లలో ఆట తెరుచుకోకుండా పోయింది. పాత ఫోన్లవాళ్లే దాన్ని ఎక్కువ ఆడేది. ఒక్క చుక్క రేటింగులు వానలాగా పడ్డాయి. మిరపకాయలు నిజంగానే తడిశాయి. సరిచేసి పెట్టేసరికి ఆడేవాళ్లు వేరే ఆటలకు పోయారు.

అప్పుడు ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. మూడోది నిలబడితే ఇక్కడ ఉండటం. లేకపోతే అల్లుడు హైదరాబాదు ఉద్యోగానికి తిరిగిపోవడం, గది ఖాళీ చేయడం.

మూడో ఆట మా బావ నోట్లోంచి వచ్చింది. బావ అంటే మా అక్క భర్త, గరిడేపల్లిలో వరి రైతు. సాగర్ ఎడమ కాల్వ పిల్లకాల్వల్లో ఒకదాని చిట్టచివర ఆయన పొలం. పైవాళ్లంతా తడుపుకున్నాక మిగిలితే నీళ్లు, లేకపోతే లేదు. ఒకనాడు కోదాడకు ఎరువుల కోసం వచ్చి, పైకెక్కి ఈ పిల్లల తెర చూసి నవ్వాడు.

"ఏం ఆటలు బిడ్డా ఇవి? లారీ ఎనకకంట, మిరపకాయలంట. నా మడికి నీళ్లు తెచ్చే ఆట చేయుండ్రి. సూస్త ఎవడు గెలుస్తడో."

మనవరాలు నవ్వలేదు. కుర్చీ ఆయన వైపు తిప్పి, "సెప్పు పెద్ద తాతా, మొదట్నుంచి సెప్పు" అంది. ఆ రోజు ఎరువుల సంగతే మర్చిపోయాడు బావ.

అలా పుట్టింది 'చివరి మడి'. అందులో మనం లష్కరు, అంటే కాల్వ వెంట తిరుగుతూ తూములు తెరిచే, మూసే మనిషి. పైన మోటారు పెట్టి నీళ్లు లాగేసేవాడుంటాడు. గట్టు తెంపేవాడుంటాడు. వంతు నాదంటే నాదని మీదికొచ్చేవాళ్లుంటారు. నారు ఎండిపోయేలోపు చివరి మడికి నీళ్లు చేర్చాలి. ఆటలో వినబడే నీళ్ల చప్పుడు బావ పొలం దగ్గర నేను రికార్డు చేసిందే. వెనకాల బావ దగ్గు కూడా పడింది. మనవరాలు దాన్ని తీసేయనివ్వలేదు.

ఆటను జనంలోకి వదిలే రోజు దగ్గరపడింది. మా వియ్యపురాలు, అంటే అల్లుడి తల్లి, మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో పని చేస్తుంది. ఆమె ముహూర్తం పెట్టించుకుని మరీ వచ్చింది.

"అమ్మా, అది దుకాణం కాదే. బటన్ నొక్కితే అయిపోద్ది" అన్నాడు అల్లుడు.

"అయిపోతే మంచిదే. గానీ బోణీ లేకుంట ఏది నడుస్తదిరా? నీకు గిరాకీ నేను తోల్కొస్త, నువ్వు గమ్మునుండు."

తోలుకొచ్చింది. మిల్లులో తోటి ఆడవాళ్లను ట్రాలీ ఆటో ఎక్కించి తెచ్చింది. చిలుకూరు నుంచి వాళ్ల వైపు చుట్టాలు వచ్చారు. గరిడేపల్లి నుంచి బావ, ఆయన వెంట నలుగురు. కింద దుకాణదారు కూడా గల్లాకు తాళం వేసి పైకొచ్చాడు. ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టారు. గడప మీద కొబ్బరికాయ కొట్టారు. అల్లుడు బటన్ నొక్కాడు. కాసేపటికి ఫోన్లలో ఆట కనిపించింది. ఇక వియ్యపురాలు గదంతా తనదే అన్నట్టు తిరిగింది. అందరి ఫోన్లూ ఆ గది వైఫైకే కలిపించింది. ఆమెకు టైపు చేయడం రాదు, కానీ ఫోను మైకులో మాట చెబితే అదే రాసుకుంటుందని తెలుసు.

"ముందుగాల గీ సుక్కలు ఐదు నొక్కు. ఇగ మాట చెప్పు."

"ఏం చెప్పాలెనే?" అంది మాడుగులపల్లి నుంచి మిల్లు పనికి వచ్చే ఒకావిడ.

"ఆట బాగుంది, చల్లగ నడవాలె. గంతే."

"నువ్వు చెప్పినవ్ గదా, మళ్ల నేనెందుకు?"

"నేను చెప్తే నీ బోణీ అయితదా? ఎవల ఫోన్ల వాళ్లు చెప్పాలె."

ఒకరి తర్వాత ఒకరు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "ఆట బాగుంది, చల్లగ నడవాలె" అన్నారు. పెళ్లిలో అక్షింతలు వేసినట్టు. నేనూ అదే అన్నాను. బావ ఒక్కడే ఫోను వెనక్కి లాక్కున్నాడు.

"నేనింక ఆడనే లేదు. బాగుందని ఎట్ల చెప్పాలె?"

"బోణీ చేసేటోడు సరుకు వాసన సూస్తడా మామా? చెప్పు, పిల్లలు ఎదురుసూస్తున్నరు."

బావ చెప్పాడు. చెప్పి, "గిది దొంగ సాక్ష్యం" అని గొణిగాడు. అందరూ నవ్వారు. మనవరాలు మాత్రం గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ముఖంలో ఏదో బెరుకు కనిపించింది గానీ, సంతోషానికి అలా ఉందేమో అనుకున్నాను.

ఆ వారం బాగా గడిచింది. కొత్త ఆటల వరుసలో 'చివరి మడి' పైకి వచ్చింది. ఏ ఊరివాళ్లో రాశారు, మా నాన్న పొలం కూడా కాల్వ చివరనే అని. మోటారు పెట్టేవాణ్ని ఏమీ చేయలేమా, లష్కరుకు ఒక కర్ర ఇవ్వండి అని ఒకరు అడిగారు. అల్లుడు ఆ మాటలన్నీ గట్టిగా చదివి వినిపించేవాడు. అతను అంత గట్టిగా నవ్వడం నేను పెళ్లిలో కూడా చూడలేదు.

తర్వాత ఒక ఉదయం నేను మెట్లెక్కి పోయేసరికి గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు. మనవరాలు నా వైపు చూడకుండానే, "తాతా, ఆట లేదు" అంది.

"లేదంటే?"

"సూడు నువ్వే. పేరు కొడితే వస్తలేదు. మనం లేనే లేం."

స్టోరువాళ్లు పంపిన ఉత్తరం చదివి తెలుగులో చెప్పింది. ఒకే చోటు నుంచి, ఒకే గంటలో, ఒకే మాటలతో వచ్చిన రేటింగులు, నిజమైన వినియోగదారులవి కావు, ఖాతా మూసివేశాం. ఆ రోజు ఆ బెరుకు ఎందుకో నాకప్పుడు తెలిసింది.

"నీకు ముందే తెల్సా బిడ్డా?"

"కొంచెం తెల్సు తాతా. ఆపుదామనుకున్న. అత్తమ్మ మొఖం సూసి నోరు రాలే. ఆమె మిల్లుకు సెలవు పెట్టి, అంతమందిని తోల్కొస్తే... చెప్పులు ఇడిసి లోపలికొచ్చిన ముసలామెకు సుక్కలియ్యొద్దని ఎట్ల చెప్పాలె?"

అప్పీలు చేసుకోవచ్చన్నారు. మనవరాలు మంచి ఇంగ్లీషులో, మర్యాదగా, వచ్చినవాళ్లు మా బంధువులని రాసింది. నేను తెచ్చిన టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు జవాబు వచ్చింది. మొదటి ఉత్తరంలో ఉన్న మాటలే, కామా కూడా మారకుండా. మళ్లీ రాసింది. మళ్లీ అదే. కాకపోతే ఈసారి చివర "ఇది తుది నిర్ణయం" అని ఉంది.

నేను రేడియోల కాలం మనిషిని. యంత్రం మొండికేస్తే వెనక అట్ట విప్పి చూసేవాణ్ని. దీనికి వెనక భాగం ఎక్కడుందో తెలియలేదు. వాళ్లకు గుమ్మం లేదు, గుమాస్తా లేడు. కనీసం ఆ గ్రంథాలయం వాడైనా నా ముఖం చూసి నన్ను అవమానించాడు.

అల్లుడు ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని ఏదో నింపడం మొదలుపెట్టాడు. మనవరాలు భుజం మీదుగా చూసి ఉలిక్కిపడింది.

"ఇదేంది? అత్తమ్మ పేరెందుకు కొడ్తున్నవ్?"

"అమ్మ పేరు మీద కొత్త ఖాతా. ఆటకు వేరే పేరు, వేరే రంగులు. చాలామంది చేసేది ఇదే."

"దొరికితే? వాళ్లు పట్టుకుంటరు. ఆమె పేరు గూడ ఖతం. ఇగ మనం నిజం చెప్పినా ఎవడు నమ్ముతడు?"

"ఇప్పుడు ఎవడు నమ్ముతున్నాడు? వాళ్లు చదవట్లేదు, అర్థమవట్లేదా నీకు?"

నేను ఊరుకోలేకపోయాను. "బాబూ, మనల్ని దొంగలన్నరు. ఇప్పుడు దొంగ పేరు పెడితే వాళ్ల మాట మనమే నిజం చేసినట్లు గాదా?"

అల్లుడు నా వైపు తిరిగాడు. అతను నాతో ఎప్పుడూ గొంతు పెంచలేదు. అప్పుడూ పెంచలేదు, అందుకే నాకు భయమేసింది.

"మీకు రోషం ఉంది తాతయ్యా. నాకు సోమవారం ఉంది."

హైదరాబాదు ఆఫీసువాళ్లు సోమవారం వచ్చి చేరమన్నారు. మనవరాలికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. కిటికీ దగ్గరికి పోయి కింద ఎరువు బస్తాలు దించుతున్న లారీని చూస్తూ నిలబడింది. అల్లుడు ల్యాప్‌టాప్ మూత వేసి, "ఆదివారం సాయంత్రం దాకా ఆగుతాను. ఆ తర్వాత ఇది నొక్కి బస్సెక్కుతా" అన్నాడు.

మర్నాడు మనవరాలు నాకు తెర మీద ఒకటి చూపించింది. స్టోరులోంచి తీసేసినా, అప్పటికే ఫోన్లలో ఎక్కించుకున్న ఆట అలాగే ఉంటుందట. ఎవరు ఆడుతున్నదీ వీళ్లకు తెలుస్తుంటుంది.

"సుక్కలు అమ్ముకునేటోడు ఆడడు తాతా. సుక్కలిచ్చి పోతడు. మనోళ్లు సూడు, రోజూ ఆడుతున్నరు. గీ గరిడేపల్లి ఫోను సూసినవా? నేను పెట్టిన ఆఖరి మెట్టు దాటలేక దానిమీదనే పడి ఉన్నది. ఆ మెట్టు నాకే సాత కాదు."

గరిడేపల్లి ఫోను ఎవరిదో అడగక్కర్లేదు.

తుది నిర్ణయమన్నా ఇంకొక్కసారి రాద్దామని, ఆమె ఆ లెక్కలన్నీ సిద్ధం చేస్తానంది. ఆ లెక్కల వెనక మనుషులున్నారని చూపించడానికి వీడియోలు కావాలి. నేను తెస్తానన్నాను.

ముందు మిర్యాలగూడ పోయాను. మిల్లులో ఉడికిన వడ్ల ఆవిరి, ఊక దుమ్ము. ఆడవాళ్లు మధ్యాహ్నం సద్దులు విప్పుకుని కూర్చున్నారు. విషయం చెప్పగానే మాడుగులపల్లి ఆవిడ పకపకా నవ్వింది.

"నేను మనిషిని గాదన్నరా? మా మేస్త్రి గూడ గదే అంటడు. వాడే ఫోన్ చేసి చెప్పిండేమో సూడు!"

అందరూ నవ్వుతూనే ఆడి చూపించారు. ఒకరి తూము ఇంకొకరు వేలు పెట్టి మూసేస్తే తిట్టుకున్నారు. నేను అంతా వీడియో తీశాను. వియ్యపురాలు మాత్రం అన్నం గిన్నె ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది.

"నా వల్లనే గదా పెద్దనాయినా."

"నీ వల్ల కాదమ్మా."

"ఆడ బోణీ తప్పంటరా?"

"ఆడ బోణీ అంటే తెల్వదు."

"మరి ఆడ కొత్త దుకాణాలు పెట్టరా? పెడితే అయినోళ్లు పోరా?" అంది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

గరిడేపల్లికి పోయేసరికి ఎండ తగ్గింది. బావ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను ఫోను పైకెత్తగానే చేయి అడ్డం పెట్టాడు.

"ఏందది?"

"నువ్వు మనిషివేనని వాళ్లకు సూపియ్యాలె బావా."

"సూపియ్య."

"ఒక్క నిమిషం..."

"రేషన్ బియ్యం కాడ నా ఏలుముద్ర పడదు. అరిగిపోయిందంటరు. పింఛన్ కోసం బతికే ఉన్ననని యాడాదికోపారి మొఖం సూపియ్యాలె. సరే, అవి బియ్యం, అవి పైసలు. ఇప్పుడు ఆట ఆడనీకి గూడ నేను మనిషినని చెప్పాల్నా? పో బామ్మర్దీ. బస్సు తప్పుతది."

ఆయన మాట నా మాటే. ఆయన కోపం నా కోపమే. అక్కడ నా కోపమే నాకు అడ్డం వచ్చింది. ఫోను జేబులో పెట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. మనవరాలి సంగతి చెప్పాను, కిటికీ దగ్గర ఎలా నిలబడిందో. అల్లుడి సోమవారం సంగతి చెప్పాను. బావ చొక్కా జేబులోంచి తన ఫోను తీసి ఆట తెరిచాడు. నన్ను మర్చిపోయాడో, మర్చిపోయినట్టు నటించాడో నేను చెప్పలేను.

"సూడు, గీ మోటారోడు. గీడే నన్ను సంపుతుండు. నేను ఈ తూము తెరువంగనే వాడు ఆడ పెడ్తడు. అరేయ్, ఆగురా! నీ వంతు నిన్ననే అయిపోయింది గదరా! మా ఊర్ల గూడ ఒకడుండు, అచ్చం గిట్లనే. మీ పిల్ల వాన్ని సూసే చేసింది... పోయె! పోయె, ఎండిపోయె మడి!"

నేను మెల్లగా ఫోను తీసి పట్టుకున్నాను. ఆయన చూశాడు. ఆపమనలేదు. మళ్లీ మొదట్నుంచి ఆడాడు. చివరికి కెమెరా వైపు కాకుండా పొలం వైపు చూస్తూ అన్నాడు: "ఆనాడు ఆడకుంటనే బాగుందని చెప్పిన. అది అబద్ధం. ఇప్పుడు చెప్తున్న, బాగుంది. గానీ ఆ మోటారోని జర తగ్గియ్యుండ్రి."

శనివారం కోదాడ గదిలో ఉత్తరం రాయడానికి కూర్చున్నాం. నేను తెలుగులోనే రాస్తానన్నాను. అల్లుడు బ్యాగు సర్దుకుంటున్నాడు. నేను రాసింది మనవరాలు పైకి చదివింది.

"మా దగ్గర కొత్త దుకాణం తెరిస్తే అయినవాళ్లు మొదటి రోజే వచ్చి మొదటి బేరం చేసి పోతారు. దాన్ని బోణీ అంటారు. ఆ రోజు ఎవరూ సరుకు మంచిచెడ్డలు చూడరు. కాబట్టి ఆ రోజు మేము ఇచ్చిన చుక్కలు ఆటకు కావు, పిల్లలకు ఇచ్చిన దీవెనలు. మీ పద్ధతిలో అది తప్పయితే ఆ చుక్కలు తీసేయండి. కానీ ఇచ్చింది మనుషులు. వాళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నారు. చూసి చెప్పండి."

అల్లుడు సర్దడం ఆపాడు. "తాతయ్యా, ఇది పంపితే అయిపోయినట్టే. ఆ చుక్కలు ఆటను చూసి ఇచ్చినవి కావని మనమే రాసిచ్చినట్టు."

"కావు గదా మరి."

"నిజమే. నిజం రాస్తే ఉరి వేస్తారు."

"రాయకపోయినా ఏసిన్రు గదా" అంది మనవరాలు. ఇంకేదైనా అంటాడేమోనని కాసేపు అతని వైపు చూసింది. అతను మళ్లీ బ్యాగు వైపు తిరిగాడు. లెక్కలు, వీడియోలు జతచేసి పంపింది.

ఇంగ్లీషు ఉత్తరాలకు టీ తాగేలోపు జవాబు వచ్చింది. దీనికి రాలేదు. అది మంచికో చెడుకో తెలియలేదు. ఆదివారం పొద్దున కూడా రాలేదు. మధ్యాహ్నమూ రాలేదు.

సాయంత్రం కోదాడ బస్టాండులో బెంచీ మీద అల్లుడు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేనూ మనవరాలూ పక్కన ఉన్నాం. కొడుకును సాగనంపడానికి వియ్యపురాలు మిర్యాలగూడ నుంచి వచ్చింది. కొత్త ఖాతా ఆమె పేరు మీద కాబట్టి, ఆమె ఫోనుకు ఒక అంకె వస్తుంది. ఆ అంకె చెబితే పని పూర్తవుతుంది. ఆమె ఫోను మోగింది.

"వచ్చింది. చదువమ్మా."

ఆమె ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. "కనబడ్తలేవురా అంకెలు."

"అమ్మా, నీకు చూపు బాగానే ఉంది కదా."

"పొద్దుగూకుతుంది గదా, మసక మసకగున్నది."

"ఇలా ఇవ్వు, నేను చూస్తా."

ఆమె ఫోను కొంగులో మూటగట్టి పిడికిలి బిగించింది. "నేను తెచ్చిన బోణీతోనే మీకు గీ గతి పట్టింది. ఇంకోపారి నా పేరుతోని ఇంకోటి తేను. పెద్దనాయిన చెప్పమంటే చెప్త."

ముగ్గురూ నా వైపు చూశారు. ప్లాట్‌ఫాం మీదికి హైదరాబాదు బస్సు వచ్చి ఆగింది. చెప్పొద్దమ్మా అనడానికి నాకు నోరు రాలేదు. చెప్పమ్మా అనడానికీ రాలేదు. ఈ పిల్లవాడి బతుకు అతని సోమవారంలో ఉంది, నా రోషంలో లేదు. ఆ అంకెకు ఉన్న గడువు అయిపోయింది. అల్లుడు ఇంకో అంకె పంపమని నొక్కాడు. ఫోను మళ్లీ మోగింది. కండక్టరు "సూర్యాపేట, నార్కట్‌పల్లి, హైదరాబాద్" అని అరుస్తున్నాడు.

అప్పుడే మనవరాలి చేతిలో ఫోను కూడా కదిలింది. ఆమె చూసింది, తెరవలేదు. నా చేతిలో పెట్టింది.

"నువ్వే సదువు తాతా. తెలుగుల ఉన్నది."

నిజమే, తెలుగులోనే ఉంది. ఎవరో బిగుసుకుపోయి రాసిన తెలుగు, అయినా తెలుగే. బస్టాండు గోలలో అందరికీ వినబడాలని గొంతెత్తి చదివాను. బెంచీల మీదివాళ్లు తలలు తిప్పి చూశారు.

"మీ ఉత్తరం, దానితో పంపిన వీడియోలు పూర్తిగా చూశాం. మీ ఖాతాను పునరుద్ధరించాం. రేపటి నుంచి మీ ఆట స్టోరులో మళ్లీ కనిపిస్తుంది. ప్రారంభం రోజున ఒకే చోటు నుంచి వచ్చిన రేటింగులను మీరు చెప్పినట్టే తొలగించాం, వాటిని తిరిగి చేర్చడం కుదరదు. వాటిని ఇచ్చినవారు నిజమైన వ్యక్తులేనని అంగీకరిస్తున్నాం. వారు ఇప్పుడు ఆట ఆడారు కాబట్టి, కోరుకుంటే ఎవరి ఊరి నుంచి వారు, ఎవరి మాటల్లో వారు మళ్లీ రాయవచ్చు."